ఇష్టం లేనిది కూరగాయా, వండిన తీరా?

మా అమ్మాయికి కాలీఫ్లవర్ ఇష్టం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దానికి ఇష్టం లేనిది ఉడకబెట్టిన కాలీఫ్లవర్. మెత్తబడి, నీళ్లోడుతూ, గంధకం వాసన కొట్టే ఆ తెల్లటి ముద్ద నాకూ ఇష్టం లేదు. అదే పువ్వును అంచులు ముదురు గోధుమ రంగుకి తిరిగేదాకా కాల్చి పెడితే, పళ్లెం టేబుల్ మీదికి రాకముందే సగం ఖాళీ చేస్తుంది.

నేను హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతాను. ఇంట్లో రాత్రి వంట ఎక్కువగా నాదే. తినేవాళ్లలో ఒక్కొక్కరిదీ ఒక్కో గొడవ. అమ్మాయికి మెత్తగా ఉంటే పడదు. అబ్బాయికి ముక్క కనిపిస్తేనే అనుమానం. మా ఆవిడకి చేదు తగిలితే చాలు, ముద్ద దిగదు. మా అత్తగారికి పళ్లు సహకరించవు కాబట్టి మెత్తగా లేకపోతే ఆవిడ తినలేరు. ఇంతమందికి కూరగాయలు, పండ్లు ఇష్టంగా తినిపించడం ఎలాగన్నది నాకు చాలాకాలంగా పట్టుకున్న విషయం. ఎవరికి ఏది ఎందుకు నచ్చడం లేదో విడదీసి చూస్తే, దాదాపు ప్రతిసారీ తప్పు కూరగాయది కాదు. కోసిన పద్ధతిదో, వేడిదో, నీళ్లదో అయి ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లని రోజుకి కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినమంటుంది. బంగాళాదుంప లాంటి పిండి దుంపలు ఈ లెక్కలోకి రావు. ఐక్యరాజ్యసమితి 2021ని పండ్లు, కూరగాయల అంతర్జాతీయ సంవత్సరంగా కూడా జరిపింది. ఇవి మంచివని ఇంకొకరు చెప్పాల్సిన పని ఎవరికీ లేదు. కానీ ఆకలేసినప్పుడు చెయ్యి రుచి ఉన్నవైపే వెళ్తుంది. అందుకే మందు మింగినట్టు తినమని నేను ఎవరికీ చెప్పను. రుచి సంగతే మాట్లాడతాను.

మొదట కాల్చడం గురించి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కూరగాయ నీళ్లలో ఉన్నంతసేపూ దాని వేడి అంతకు మించదు. గోధుమ రంగు, ఆ కమ్మటి వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. అక్కడ చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి కొత్త రుచులు పుట్టిస్తాయి. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో వివరించిన చర్య ఇదే. రొట్టె పైపొరకి, వేయించిన కాఫీ గింజలకి ఆ వాసన వచ్చేది దీనివల్లే. ఎంతసేపు ఉడకబెట్టినా కాలీఫ్లవర్‌కి ఆ రుచి రాదు.

నేను చేసేది ఇలా. పువ్వుని కడిగి, గుడ్డమీద ఆరబెట్టి, పూర్తిగా తడి పోయాక కోస్తాను. తడి ఉంటే ముందు ఆ నీరంతా ఆవిరవ్వాలి, ఈలోపు ముక్క మెత్తబడిపోతుంది. ముక్కకి ఒక వైపైనా చదునుగా ఉండేలా కోస్తాను, ఆ వైపే ట్రేకి ఆనుతుంది. నూనె, ఉప్పు చేత్తో బాగా పట్టించి, ఒకదానికొకటి తగలకుండా పరుస్తాను. ముక్కలు కిక్కిరిసి ఉంటే వాటి ఆవిరిలో అవే ఉడికిపోతాయి. ఓవెన్ 220 డిగ్రీలకి ముందే వేడెక్కి ఉండాలి. ఆ తర్వాత కదపకూడదు. కాసేపటికి చిటపటలు తగ్గి, వాసన మారుతుంది. గంధకం పోయి, వేయించిన గింజల వాసన వస్తుంది. అప్పుడు ఒక ముక్క తిరగేసి చూస్తే కింది వైపు దాదాపు కాఫీ రంగులో ఉంటుంది, చిన్న చిన్న మొగ్గల కొసలు నల్లబడి కరకరలాడుతుంటాయి. మా అమ్మాయి ఏరుకునేది ఆ కొసల్నే. ఓవెన్ లేకపోతే మందపాటి పెనం మీద పెద్ద మంటన కొద్దికొద్దిగా వేసి కాల్చినా అదే రుచి వస్తుంది, కాకపోతే దగ్గరుండాలి. కాడలు, లేత ఆకులు పారేయొద్దు. కాడని సన్నగా తరిగి అదే ట్రేలో వేస్తే పువ్వుకన్నా తియ్యగా ఉంటుంది.

క్యారెట్, గుమ్మడి, బీన్స్, బ్రకోలీ, క్యాప్సికం, ఉల్లి అన్నిటికీ ఇదే దారి.

క్యాబేజీ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. దాన్ని రెండు నిమిషాలు వేయించాలి, లేదా నల్లటి చారలు పడేదాకా కాల్చాలి. మధ్యలో ఎక్కడో ఆగి, మూత పెట్టి చాలాసేపు మగ్గబెడితేనే ఇల్లంతా ఆ వాసన. ఈ కుటుంబం మొక్కల్లో గంధకం ఉన్న పదార్థాలుంటాయి, నీళ్లలో ఉడికేకొద్దీ అవి విడిపోయి ఘాటు పెరుగుతుంది. క్యాబేజీ అంటేనే ముఖం తిప్పుకునే చాలామందికి గుర్తున్నది హాస్టల్ మెస్‌లో గంటల తరబడి ఉడికిన క్యాబేజీ. దాన్ని పెద్ద ముక్కలుగా, తొడిమ ఊడకుండా కోసి, పెనానికి ఆనించి కాల్చి పైన నిమ్మరసం పిండితే, అది వేరే కూరగాయ అనిపిస్తుంది.

బెండకాయ జిగురు కూడా ఇలాంటి గొడవే. జిగురు నీళ్లు తగిలితే పెరుగుతుంది. అందుకని కోయకముందే కడిగి, ఒక్కోదాన్నీ తుడిచి ఆరబెట్టాలి. మూత పెట్టకూడదు, ఉప్పు చివర్లో వేయాలి, మంట బాగా ఉండాలి. కాస్త పులుపు తగిలినా జిగురు తగ్గుతుంది. మా అబ్బాయి నిలువుగా నాలుగు చీలికలు చేసి కరకరలాడేలా వేయించినదైతే చిప్స్ తిన్నట్టు తింటాడు, చక్రాలుగా కోస్తే పక్కన పెడతాడు. రెండిటిలోనూ ఉన్నది అదే బెండకాయ, అదే నూనె.

కోత ఇంత ముఖ్యమని వంట మొదలుపెట్టిన కొత్తలో నాకు తట్టలేదు. పిల్లలు వద్దనేది చాలాసార్లు రుచిని కాదు, పంటికి తగిలే తీరుని. క్యారెట్‌నే తీసుకోండి. మందంగా చక్రాలు కోసి ఉడికిస్తే బయట మెత్తగా, లోపల గట్టిగా అదోలా ఉంటుంది. తొక్క తీసే పీలర్‌తోనే పొడుగ్గా పల్చటి రిబ్బన్లు తీసి చల్లటి నీళ్లలో వేస్తే కాసేపటికి వంకీలు తిరుగుతాయి. వాటిని వడకట్టి నిమ్మరసం, ఉప్పు, చిటికెడు మిరియాల పొడి చల్లితే నమలడానికి సరదాగా ఉంటుంది. సన్నగా తురిమితే రసం ఊరి తియ్యగా అవుతుంది. వేళ్లలా కోస్తే కరకరమంటుంది. దుంపని కోయకుండా అలాగే మెల్లగా కాలిస్తే లోపల జామ్‌లా అవుతుంది. ఈ చివరిది మా అత్తగారికి. చెంచాతో తింటారు. ఒకే రోజు ఒకే కూరగాయని రెండు రకాలుగా చేయడం పెద్ద పనేమీ కాదు, సగం పచ్చిది, సగం కాల్చినది.

చేదు సంగతి వేరు. దాన్ని నేను చాలా గౌరవంగా చూస్తాను. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ల్యాబ్‌లో ఒక పొడిని సీసాలోకి ఒంపుతుంటే అది గాల్లోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి నోరంతా చేదుగా ఉందన్నాడు. ఫాక్స్‌కి ఏ రుచీ తెలియలేదు. పీటీసీ అనే ఆ పదార్థం కొందరికి విపరీతమైన చేదు, కొందరికి అసలు రుచే తెలియదు. దీని వెనక ముఖ్యంగా ఒక జన్యువులోని తేడా ఉందని తర్వాత తేలింది. బ్రకోలీ, క్యాబేజీ కుటుంబంలోని కొన్ని పదార్థాలూ ఇలాగే పనిచేస్తాయి. కాబట్టి మా ఆవిడ చేదుగా ఉందంటే, ఆవిడ నాలుక మీద అది నిజంగానే చేదు. నాకు తెలియనంత మాత్రాన లేదనడానికి వీల్లేదు. "మారాం చెయ్యకుండా తిను" అనే మాట ఎవరితోనైనా అనేముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

చేదుకి విరుగుడు చక్కెర అనుకుంటారు. ఉప్పు అంతకన్నా బాగా పనిచేస్తుంది. సోడియం చేదుని నాలుక మీదే అణుస్తుంది, ఆ చాటున ఉన్న తీపి బయటికొస్తుంది. కాకరకాయ ముక్కలకి ఉప్పు రాసి కాసేపుంచి పిండటంలో రసంతో పాటు కొంత చేదూ పోతుంది, మిగిలినదాన్ని ఉప్పు కప్పేస్తుంది. నూనె, వెన్న, పెరుగు, గింజల పొడి కూడా చేదు పదును తగ్గిస్తాయి. నూనెతో ఇంకో లాభం ఉంది. క్యారెట్, గుమ్మడి, పాలకూరల్లో ఉండే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు కొవ్వులోనే కరుగుతాయి. చుక్క నూనె లేకుండా తిన్న క్యారెట్ నుంచి మన ఒంటికి అందేది తక్కువ. టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీన్ అయితే నూనెతో ఉడికించినప్పుడే బాగా పడుతుంది. రుచి కోసం వేసిన చెంచా నూనె గురించి ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు.

రుచి చప్పగా ఉందనిపించినప్పుడు నేను వెతికేది టమాటా, పుట్టగొడుగులు. జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా 1908లో సముద్రపు పాచి పులుసులోంచి గ్లూటమేట్ అనే పదార్థాన్ని వేరుచేసి, అదిచ్చే కమ్మటి రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. పండిన టమాటాలో అది సహజంగా ఉంటుంది. టమాటాల్ని సగానికి కోసి, సన్నటి సెగ మీద ముడుచుకుపోయేదాకా కాల్చి సీసాలో పెట్టుకుంటే, ఏ కూరలో రెండు వేసినా దాని రుచి నిలబడుతుంది. పుట్టగొడుగుల్ని ముందు నూనె లేకుండా పొడి పెనం మీద వేయాలి. నీరంతా వదిలి, ఆ నీరు ఇగిరి, పెనానికి అంటుకోబోతున్నప్పుడు నూనె, ఉప్పు వేయాలి. అలా చేస్తే రబ్బరులా సాగవు.

ఆకుకూరల రంగు పోకూడదంటే పులుపు ఆఖర్న వేయాలి. పులుపులో ఉడికితే పత్రహరితంలోని మెగ్నీషియం బయటికెళ్లిపోయి ఆకుపచ్చ కాస్తా పాచి రంగుకి తిరుగుతుంది. దించాక నిమ్మరసం పిండితే రంగూ ఉంటుంది, విటమిన్ సి ఉన్నందుకు ఆకులోని ఇనుము ఒంటికి పట్టడమూ మెరుగవుతుంది.

ఇక పండ్లు. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే కోసిన పండుకి సగం రుచే ఉంటుంది. పండు రుచిలో ఎక్కువ భాగం వాసనే. చల్లగా ఉన్నప్పుడు ఆ వాసన ముక్కుకి అందదు. అందుకని భోజనానికి ముందే పండు బయట పెడతాను. పుచ్చకాయ మాత్రం చల్లగానే బాగుంటుంది, అది నా మాట. టమాటానైతే పండేదాకా అసలు ఫ్రిజ్‌లో పెట్టకూడదు. 12 డిగ్రీల కన్నా చల్లగా కొన్ని రోజులుంటే దానిలో వాసన తయారయ్యే పనే మందగిస్తుంది, బయటపెట్టినా పూర్తిగా తిరిగిరాదు. పచ్చి అరటిపండ్లు తొందరగా పండాలంటే ఆపిల్‌తో కలిపి కాగితం సంచిలో మూసిపెట్టండి. ఆపిల్ వదిలే ఇథిలీన్ వాయువు వాటిని పండిస్తుంది. ఆకుకూరల పక్కన మాత్రం ఆపిల్ పెట్టొద్దు. అదే వాయువుకి ఆకులు పసుపెక్కుతాయి.

మరీ మగ్గిపోయి ఎవరూ ముట్టుకోని అరటిపండ్లతో మా ఇంట్లో అందరికీ నచ్చేది ఒకటి చేస్తాను. తొక్క తీసి, చక్రాలు కోసి, గట్టిపడేదాకా ఫ్రీజర్‌లో ఉంచి, మిక్సీలో వేస్తాను. ముందు ఇసుకలా పొడి పొడిగా అవుతుంది, ఇదేంటి చెడిపోయిందా అనిపిస్తుంది. ఆపి, గరిటెతో అంచులు కిందికి తోసి మళ్లీ తిప్పితే ముద్ద కడుతుంది. ఇంకాస్త తిప్పితే ఉన్నట్టుండి నున్నగా, గాలి పట్టిన మీగడలా మారిపోతుంది. పాలు లేవు, చక్కెర లేదు. అందులోనే కొన్ని గడ్డకట్టిన బెర్రీలో, చెంచా కోకో పొడో వేస్తే రంగు మారుతుంది. మా అత్తగారు దీన్ని ఐస్‌క్రీం అనే పిలుస్తారు, రాత్రి భోజనం అయ్యాక "ఐస్‌క్రీం ఉందా బాబూ?" అని అడుగుతారు.

ద్రాక్షని గడ్డకట్టించినా బాగుంటుంది. అయితే నాలుగైదేళ్ల లోపు పిల్లలకి ద్రాక్షని ఎప్పుడూ నిలువుగా చీల్చే ఇవ్వాలి, గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది. అనాసపండు తింటే నాలుక మంట పుడుతుందనేవాళ్లు దాన్ని పెనం మీద కాల్చి చూడండి. మంటకి ముఖ్య కారణం బ్రొమెలైన్ అనే ఎంజైమ్, అది వేడికి పనిచేయడం మానేస్తుంది. పైగా చక్కెర కారమెల్ అయి ఎక్కడలేని రుచి వస్తుంది. ఆపిల్ ముక్కలు నల్లబడకుండా ఉండాలంటే నారింజ రసంలో ఒకసారి ముంచి తీస్తే చాలు. నిమ్మరసం కూడా పనిచేస్తుంది కానీ పిల్లలు నారింజ తీపినే ఇష్టపడతారు.

పండ్ల రసం జోలికి నేను పోను. గ్లాసు రసంలోకి నాలుగు నారింజలు పోతాయి, పీచు వడపోతలో ఉండిపోతుంది, తాగడానికి నిమిషం పట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పండ్ల రసంలోని చక్కెరని తేనె, సిరప్‌లలో ఉండే చక్కెరతో పాటే లెక్కిస్తుంది, పండులో ఉన్నదాన్ని అలా లెక్కించదు. తొనలు వలుచుకుని తినడంలో ఉన్న ఆనందం గ్లాసులో ఎక్కడుంది?

పిల్లలకి కూరగాయల్ని దొంగచాటుగా కలిపి పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. నాకది నచ్చదు. గుమ్మడి, క్యారెట్ మెత్తగా రుబ్బి సాస్‌లో నేనూ కలుపుతాను, కానీ కలిపానని చెప్తాను. తెలియకుండా తిన్న పాలకూర వల్ల పాలకూర మీద ఇష్టం పెరగదు. ఇష్టం పెరిగేది చూసి, ముట్టుకుని, వాసన చూసి, కొద్దిగా కొరికి, మళ్లీ ఇంకోసారి కొరికితేనే. రెండేళ్ల నుంచి ఆరేళ్ల వరకు కొత్త తిండికి భయపడటం పిల్లల్లో మామూలు. ఒక కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది పదిసార్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసార్లు రుచి చూడాల్సి వస్తుందని పిల్లల ఆహారం మీద పరిశోధన చేసినవాళ్లు చెబుతారు. చాలా ఇళ్లలో రెండు మూడుసార్లకే వీడికి పడదని తేల్చేస్తారు. "కూర తింటే చాక్లెట్ ఇస్తా" అనడం ఇంకా నష్టం. కూర అంటే శిక్ష, చాక్లెట్ అంటే బహుమతి అని మనమే నేర్పినట్టవుతుంది.

మా ఇంట్లో బాగా పనిచేసింది వేళ. అందరూ నకనకలాడుతూ వంటింట్లోకి తొంగిచూసే సమయం ఒకటుంటుంది, భోజనానికి అరగంట ముందు. అప్పుడు స్టవ్ పక్కన గట్టు మీద ఒక పళ్లెం పెడతాను. కీర, క్యారెట్, ఎర్ర క్యాప్సికం వేళ్లలా కోసి, పక్కన గిన్నెలో ఉప్పు, మిరియాలు కలిపిన గట్టి పెరుగు. తినమని ఎవరికీ చెప్పను. మా అబ్బాయి మొదట పెరుగు కోసం వచ్చి, దాన్ని తోడుకోవడానికి కీర ముక్కని చెంచాలా వాడాడు. తర్వాత చెంచానీ తినడం మొదలుపెట్టాడు. అన్నట్టు ఎర్ర క్యాప్సికంలో బరువుకి బరువు చూస్తే నారింజ కన్నా ఎక్కువ విటమిన్ సి ఉంటుంది, పచ్చిగా తింటే అదంతా దక్కుతుంది.

కోసే ఓపిక లేని రోజులు ఎవరికైనా ఉంటాయి. వాటి కోసం ఫ్రీజర్‌లో బఠాణీ, మొక్కజొన్న, పాలకూర ఉంచుతాను. కోసిన వెంటనే గడ్డకట్టిస్తారు కాబట్టి పోషకాల్లో తాజావాటికి పెద్దగా తీసిపోవు, వారం రోజులు ఫ్రిజ్‌లో వాడిపోయిన ఆకుకూర కన్నా మేలు. చిలగడదుంప కూడా అలాంటి రోజులకే, తొక్క కూడా తియ్యక్కర్లేదు. కడిగి ఓవెన్‌లో పడేసి మర్చిపోవడమే. మెల్లగా వేడెక్కితే దానిలోని ఎంజైమ్‌కి పిండిని మాల్టోస్ చక్కెరగా మార్చడానికి టైమ్ దొరుకుతుంది. మైక్రోవేవ్‌లో గబగబా ఉడికించినదానికి ఆ తీపి రాదు.

ఇప్పుడు మా ఇంట్లో తేలాల్సింది ముల్లంగి. పచ్చి ముల్లంగి ఘాటు కోసినప్పుడు, నమిలినప్పుడు పుడుతుంది. కణాలు చిట్లితే లోపలి ఎంజైమ్ పనిచేసి ఆ ఘాటైన పదార్థాన్ని తయారుచేస్తుంది. వేడి తగిలితే ఎంజైమ్ ఆగిపోతుంది, కాబట్టి కాల్చిన ముల్లంగి మెత్తగా, సాత్వికంగా ఉంటుంది. పిల్లలిద్దరూ కాల్చినదానికి ఒప్పుకున్నారు. మా ఆవిడ మాత్రం ఒక ముక్క కొరికి, "ఘాటు పోయింది కానీ చప్పబడిపోయింది కదండీ" అంది. నిజమే. వచ్చేవారం లేత ముల్లంగిని పచ్చిగానే అద్దంలా పల్చగా తరిగి, వెన్న రాసిన రొట్టె మీద పరిచి, పైన ఉప్పు చల్లి ఇస్తాను.